కిరసనాయిలు వాసనా, సెన్సే చదివించిన నవలలూ

మొన్న బండి చైన్ క్లీన్ చేయిద్దామని మెకానిక్ షెడ్డుకి వెళ్తే అక్కడి కుర్రాడు పాత కూల్‌డ్రింక్ బాటిల్లోంచి కిరసనాయిలు పోసి బ్రష్షుతో రుద్దుతున్నాడు. ఈ రోజుల్లో నీకిది ఎక్కడ దొరికిందిరా అని అడిగేలోపే వాసన తగిలింది. మా తరం వాళ్లకి ఆ వాసనకి న్యాయంగా అయితే రేషన్ షాపు క్యూ, బుడ్డి దీపం, పంపు స్టవ్వు గుర్తుకు రావాలి. నాకేమో టోక్యోకి తూర్పు చివర నిషి కసాయ్ అనే పేటలో ఓ రెండో అంతస్తు గది గుర్తొచ్చింది.

2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని అప్పట్లో పెద్ద గోల జరిగింది చూడండి, ఆ పని మీదే మన ఇండియా వాళ్లు చాలామంది ఆ పేటలో దిగారు. నేను ఆ గోల సద్దుమణిగాక వెళ్లిన బ్యాచ్. గది చిన్నది, చాప పరిచిన నేల, గోడలు ఎంత పల్చనంటే పక్కింటాయన దగ్గితే నాకు గొంతు సవరించుకోవాలనిపించేది. చలికాలం వచ్చిందంటే అందరి బాల్కనీల్లో పద్దెనిమిది లీటర్ల ఎర్ర ప్లాస్టిక్ డబ్బాలు కనపడేవి, కిరసనాయిలు పోయించుకోడానికి. సాయంత్రం పూట స్పీకర్లో పిల్లల పాట పెట్టుకుని కిరసనాయిలు వ్యాను సందుల్లో మెల్లగా తిరిగేది, ఆ పాట వినపడగానే చెప్పులేసుకుని డబ్బా పట్టుకుని పరిగెత్తాలి. మళ్లీ ఆ డబ్బాలోంచి హీటర్ ట్యాంకులోకి ఎక్కించడానికి చేత్తో నొక్కే ప్లాస్టిక్ పంపు ఒకటి, ఎంత జాగ్రత్తగా చేసినా చివర్లో నాలుగు చుక్కలు చేతి మీద పడేవి, ఇక ఆ రాత్రంతా అన్నం ముద్దలో కూడా అదే వాసన. ఆ హీటర్‌కి ఇంకో గుణం ఉండేది, మూడు గంటలకోసారి దానంతట అదే ఆగిపోబోతూ కీచుమని అరిచేది, అప్పుడు మనం లేచి పొడిగింపు బటన్ నొక్కాలి. ప్రమాదాలు జరక్కుండా పెట్టిన ఏర్పాటే, కానీ అర్ధరాత్రి దుప్పట్లోంచి చెయ్యి బయటపెట్టి ఆ బటన్ నొక్కుతుంటే ఇంకా ఉన్నావా, ఉంటావా అని ఎవరో రోజూ అడుగుతున్నట్టు ఉండేది.

నేను ఆ హీటర్ పక్కన కూర్చునే జపాన్ రచయితలు అబే కోబోని, దజాయ్‌ని, ఓయేని చదివాను. చదివించింది మాత్రం సెన్సే, అంటే మా జపనీస్ మేష్టారు.

*

పొద్దున్నే తోజాయ్ లైన్ రైలెక్కాలి. రద్దీకి దేశం మొత్తంలో పేరుమోసిన లైను అది. చేతులు పైకెత్తితే దించడానికి చోటుండదు, దించినవాళ్లు ఎత్తలేరు, అంతమంది ఉన్నా ఎవరూ నోరెత్తరు. ఓరోజు మధ్యలో బండి ఆగిపోయింది. ఎవరో పట్టాల మీద పడ్డారని మైకులో చెప్పారు, అసౌకర్యానికి క్షమాపణలు కూడా చెప్పారు. నా పక్కనున్నాయన వాచీ చూసుకున్నాడు. ఇంకొకాయన చేతిలో ఉన్న పుస్తకంలో పేజీ తిప్పాడు, షాపువాళ్లు వేసిచ్చే కాగితం అట్ట ఉంటుంది కాబట్టి ఆయన ఏం చదువుతున్నాడో ఎవరికీ తెలీదు. చివరికి బండి కదిలి మా స్టేషన్ చేరాక గేటు దగ్గర ఉద్యోగి ఒకాయన అరచేతిలో సగం లేని చిన్న చీటీలు పంచుతున్నాడు. బండి ఇన్ని నిమిషాలు లేటయిందని ధృవీకరణ, ఆఫీసులో చూపించుకోడానికి. అందరూ వరసలో నిలబడి తీసుకున్నారు, నేనూ తీసుకున్నాను. అవతల ఓ మనిషి పోయాడు, ఇవతల మా ఆలస్యం మా తప్పు కాదని మాకు కాగితం వచ్చింది. మేనేజర్ దాన్ని చూసి తల ఊపి ఫైల్లో పెట్టాడు, అక్కడితో అయిపోయింది.

శనివారం పొద్దున వార్డు కమ్యూనిటీ హాల్లో విదేశీయులకి ఊరికే జపనీస్ నేర్పే క్లాసు ఉండేది. మా బల్లకి వచ్చే సెన్సే హైస్కూల్లో జపనీస్ చెప్పి రిటైరైన పెద్దాయన. చెడ్డ చాదస్తం, చెడ్డ ఓపిక, రెండూ ఉన్న మనిషి. ఆ చీటీ సంగతి నాకొచ్చిన ముక్కల జపనీస్‌లో ఆయనకి చెప్పాను, మీకెవరికీ ఏమీ అనిపించదా అని కొంచెం గట్టిగానే అడిగాను. ఆయన ఏమీ అనలేదు. తర్వాతి శనివారం మాత్రం కొన్ని జిరాక్స్ కాగితాలు తెచ్చారు, కన్వీనియెన్స్ స్టోర్‌లో పేజీకి పది యెన్లు పెట్టి తీసినవి, ప్రతి కాంజీ (చైనా లిపి నుంచి వచ్చిన) అక్షరం పక్కన అది ఎలా పలకాలో పెన్సిల్‌తో సన్నగా రాసి పెట్టారు. "రావ్ సాన్, మొదట ఇది చదవండి, ఆ తర్వాత నన్ను తిట్టండి" అన్నారు.

అది 1962లో వచ్చిన అబే కోబో నవల, ఇసుక దిబ్బల్లో ఆడమనిషి కథ. జిరాక్స్ పేజీలు జపనీస్‌లో ఆయనతో కుస్తీ పడుతూ, మిగతాది ఇంగ్లీష్ అనువాదంలో నా అంతట నేను, అలా పూర్తి చేశాను.

*

కథ తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఒక స్కూలు మేష్టారు సెలవు పెట్టి పురుగులు పట్టుకోడానికి సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బల్లోకి వెళ్తాడు. కొత్త రకం పురుగు దొరికితే తన పేరు పుస్తకాల్లో ఉంటుందని ఆశ. బస్సు తప్పిపోతే ఊరివాళ్లు ఓ ఇంట్లో బస ఇస్తారు, ఆ ఇల్లు ఇసుక గుంట అడుగున ఉంటుంది, తాడు నిచ్చెన వేసి దిగాలి. లోపల ఒంటరి ఆడమనిషి. తెల్లారేసరికి నిచ్చెన ఉండదు. రాత్రంతా ఇసుక తోడి పైకి పంపాలి, లేకపోతే ఇల్లు కూరుకుపోతుంది, పక్క ఇళ్లకీ ముప్పు. తోడకపోతే పైనుంచి నీళ్లు రావు. ఆ ఇసుక రేణువు సైజు కూడా రాస్తాడు అబే, మిల్లీమీటర్‌లో ఎనిమిదో వంతు అని. మెడిసిన్ చదివిన మనిషి కదా, డాక్టరీ మాత్రం చెయ్యలేదు, ఆ కొలతల పిచ్చి రచనలోకి వచ్చేసింది. నాకు ఎక్కువ నచ్చిన ముక్క ఇంకోటి ఉంది. ఆ ఉప్పు ఇసుకని ఊరివాళ్లు చాటుగా కట్టడాలకి అమ్ముకుంటుంటారు, అలా కడితే కూలిపోతాయి కదా అని ఇతను మండిపడితే ఆమె తాపీగా, వేరేవాళ్లకి ఏమైతే మాకేంటి అంటుంది. అంతకుముందు దాకా ఆమెని పాపం అనుకుంటూ వచ్చిన పాఠకుడికి అక్కడ దిమ్మ తిరుగుతుంది.

అప్పుడు నా డ్యూటీ ఏంటంటే రాత్రి పూట నడిచే బ్యాచ్ ప్రోగ్రాములు సరిగా పూర్తయ్యాయో లేదో చూడటం. ఎర్రర్ వస్తే సరిచేసి మళ్లీ నడపాలి, తెల్లారేసరికి అంతా మామూలుగా ఉండాలి, మర్నాడు రాత్రి మళ్లీ కొత్త డేటా వచ్చి పడుతుంది. బాగా చేశావని ఎవరూ అనరు, ఎందుకంటే బాగా చేస్తే జరిగినట్టే తెలీదు. కాబట్టి ఆ గుంట ఏంటో నాకెవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

గొడవంతా ముగింపు దగ్గర వచ్చింది. పారిపోడానికి అన్ని రకాలా ప్రయత్నించి ఓడిపోయాక అతను కాకిని పట్టడానికి ఇసుకలో ఒక బొచ్చెతో ఉచ్చు పెడతాడు, దానికి ఆశ అని పేరు పెడతాడు. కాకి పడదు, కానీ కొన్నాళ్లకి చూస్తే అందులో నీళ్లు ఊరి ఉంటాయి. ఇసుకలోంచి నీళ్లు! ఆమెకి ప్రాణం మీదికి వస్తే ఊరివాళ్లు పైకి లాగి ఆసుపత్రికి తీసుకెళ్తారు, ఆ హడావుడిలో నిచ్చెన అలాగే వదిలేస్తారు. అతను ఎక్కుతాడు, సముద్రం చూస్తాడు, మళ్లీ దిగిపోతాడు. తొందరేముంది, ఈ నీళ్ల సంగతి ఎవరికైనా చెప్పాలి, చెప్తే విలువ తెలిసేది ఈ ఊరివాళ్లకే కదా అనుకుంటాడు. ఏడేళ్ల తర్వాత కోర్టు అతన్ని తప్పిపోయిన మనిషిగా తేల్చేస్తుంది.

నేను ఇది ఓటమి అన్నాను. బానిస గొలుసుకి అలవాటు పడ్డాడు, అంతేగా అన్నాను. ఫ్రెంచి రచయిత కామూ చెప్పిన సిసిఫస్ అయితే, కొండెక్కిస్తే మళ్లీ కిందికి దొర్లిపోయే బండని ఎప్పటికీ తోస్తూ కూడా దేవుళ్లని లెక్కచెయ్యడు, ఇతనికి ఆ పొగరేదీ అని వాదించాను (కామూని తెలుగులోనో ఇంగ్లీషులోనో అరకొరగా చదివిన ప్రతివాడికీ ఆ వయసులో ఈ వాదన నాలుక మీదే ఉంటుంది). సెన్సే టీ తాగుతూ అంతా విని, "టోక్యోలో ఆయన పాఠం చెప్తే వినేవాడు ఎవరైనా ఉన్నాడా?" అన్నారు. నిజమే, నవల మొదట్లో అతని లోకంలో ఎవరి మాటా ఎవరూ వినరు, తోటి టీచర్లంటే అతనికి మంట, పురుగు దొరికినా అది పేరు కోసమే. నీళ్లు మాత్రం పేరు కోసం కాదు. మొదటిసారి తన దగ్గర ఒక విషయం ఉంది, అది కావాల్సిన మనుషులు ఉన్నారు. అయినా నేను ఒప్పుకోలేదు, గొలుసు గొలుసే అన్నాను. దీనిమీద ఎన్ని శనివారాలు గడిచాయో.

ఈ నవలని దర్శకుడు తెషిగహరా 1964లో సినిమా తీశాడు, కేన్స్‌లో స్పెషల్ జ్యూరీ బహుమతి వచ్చింది. సెన్సే వీడియో క్యాసెట్ అద్దెకి తెచ్చి చూపించారు. చర్మం మీద ఇసుక అంటుకున్న క్లోజప్పులు ఉంటాయి, ఆ రాత్రి గదికొచ్చి రెండోసారి స్నానం చేశాను.

*

ఒకసారి అడిగాను, బతుక్కి అర్థమేంటనే ఈ సార్త్ర్, కామూ గోలంతా ఫ్రాన్స్‌ది కదా, మీవాళ్లకి ఇంతగా ఎలా ఎక్కింది అని. దానికి ఆయన ఫిలాసఫీ చెప్పలేదు, స్కూలు సంగతి చెప్పారు.

ఆయన పుట్టింది 1935లో, ఓయే కెంజబురోదీ అదే సంవత్సరం. యుద్ధం ఓడిపోయేసరికి పదేళ్లు. ఆగస్టులో చక్రవర్తి రేడియోలో మాట్లాడాడు. దేవుడనుకున్నవాడు మామూలు మనిషి గొంతుతో మాట్లాడేసరికి పిల్లలు బిత్తరపోయారని ఓయే కూడా తర్వాత రాసుకున్నాడు. సెలవులయ్యాక బడికెళ్తే పాత పుస్తకాలే ఉన్నాయి, కొత్తవి అచ్చెయ్యడానికి కాగితమూ లేదు, టైమూ లేదు. మేష్టారు పేజీ నంబరు, వరస నంబరు చదువుతుంటే పిల్లలు సిరారాయి నూరి కుంచెతో ఆ వాక్యాల మీద నల్లగా పూసుకుంటూ పోవాలి. యుద్ధం గురించి, సైన్యం గురించి ఉన్న గొప్పలన్నీ అలా కొట్టేయించారు. "ఇంక్ పల్చగా ఉంటే కింద అక్షరాలు కనపడేవి, మేష్టారు వచ్చి ఇంకో పూత వెయ్యమనేవారు. ఆరకుండా పుస్తకం మూస్తే పేజీలు అంటుకుపోయేవి" అని చేత్తో చూపించారు. మొన్నటి దాకా ఆ వాక్యాలు కంఠతా రాకపోతే చెంప పగలగొట్టింది ఆ మేష్టారేనట. ఆయన మొహంలో ఏ తేడా లేదట, అదే గొంతుతో నంబర్లు చదువుకుంటూ పోయాడట.

"ఆ తర్వాత కాలేజీలో సార్త్ర్ చదివితే కొత్తేముంది? మనుషులు వేషం వేస్తారని, ఆ వేషమే తామనుకుంటారని నాకు పదేళ్లకే తెలుసు" అన్నారు. సార్త్ర్, ఆయన తోడు రచయిత్రి సిమోన్ ద బోవా 1966లో జపాన్ వచ్చినప్పుడు ఉపన్యాసానికి వెళ్తే హాలు నిండిపోయి లోపలికి పోనివ్వలేదట. దానికి మాత్రం ఇంకా కోపంగానే ఉండేవారు.

*

దజాయ్ ఒసాము సంగతి వేరు. 1948లో వచ్చిన ఆ నవలని, మనిషిగా పనికిరాకుండా పోయిన ఒకడి కథని, అక్కడ కాలేజీ పిల్లలు ఇప్పటికీ చదువుతారు. అందులో యోజో అనే కుర్రాడికి మనుషులంటే భయం, ఆ భయం కనపడకుండా ఉండటానికి ఎప్పుడూ జోకర్ వేషం. స్కూల్లో కసరత్తు క్లాసులో కావాలని కింద పడతాడు, అందరూ పడీ పడీ నవ్వుతారు. వెనకనుంచి తకెయిచి అనే బక్కపిల్లాడు, క్లాసులో అందరికన్నా మొద్దు, మెల్లగా చెవిలో నువ్వు కావాలనే పడ్డావు అంటాడు. యోజోకి అక్కడ లోకం తలకిందులైపోతుంది.

నేను ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు హీటర్ వైపు చూస్తూ కూర్చున్నాను, ఎందుకంటే ఆ వారమే ఆఫీసు వాళ్లతో తాగుడు పార్టీ అయింది. రజనీకాంత్ సినిమా ఒకటి 1998లో జపాన్‌లో విరగబడి ఆడింది, దాంతో ఇండియా వాడు కనపడితే చాలు డాన్స్ చెయ్యమనేవాళ్లు. నాది తెలుగు, ఆ సినిమా తమిళం అని మొదట్లో వివరించేవాణ్ణి, తర్వాత వివరించడం మానేసి టై తలకి కట్టుకుని నాకు రాని స్టెప్పులు వేసేవాణ్ణి. బాస్ చప్పట్లు కొట్టేవాడు. ఓ మూల కూర్చునే జూనియర్ అమ్మాయి మాత్రం నవ్వకుండా చూసేది. ఏమీ అనలేదు ఎప్పుడూ. కానీ ఆమె ఉన్న రోజు నా స్టెప్పు తడబడేది.

మన నవలల్లో ఇలాంటివాళ్లు లేరా అంటే ఉన్నారు. సెన్సేకి బుచ్చిబాబు దయానిధి గురించి, గోపీచంద్ సీతారామారావు గురించి, నవీన్ రాసిన ఉస్మానియా క్యాంపస్ రవి గురించి నాకొచ్చిన భాషలో చెప్పాను. ఆయన బుద్ధిగా నోట్సు రాసుకున్నారు. మనవాళ్లు లోపల ఎంత నలిగినా గట్టిగా మాట్లాడతారు, వాదిస్తారు, ఉపన్యాసం ఇస్తారు. యోజో చివరిదాకా నవ్విస్తూనే ఉంటాడు, అది నాకు ఎక్కువ భయం వేస్తుంది.

జూన్ 19న సెన్సే నన్ను మితకా తీసుకెళ్లారు, జెన్రిన్‌జి గుడికి. దజాయ్ పుట్టినరోజు అది, కాలవలో దూకి చనిపోతే శవం దొరికింది కూడా ఆ తేదీనే. వాన సన్నగా పడుతోంది, గొడుగులతో జనం, ఎక్కువమంది ఇరవై ఏళ్ల అమ్మాయిలు. సమాధి రాయి మీద చెక్కిన పేరు అక్షరాల గాడిలో చెర్రీ పళ్లు ఒక్కొక్కటే కుక్కుతున్నారు, నల్లరాయి మీద ఎర్రగా అక్షరాలు తేలుతున్నాయి, కింద సారా సీసాలు, సిగరెట్లు. చెర్రీలు ఎందుకంటే ఆయన రాసిన ఓ కథ పేరు అది. అందులో నాన్న ఇంట్లో పెళ్లాం పిల్లల్ని వదిలి బారుకెళ్తాడు, అక్కడ చెర్రీలు పెడతారు, మా పిల్లలు వీటిని చూసి కూడా ఉండరు, తీసుకెళ్తే ఎంత సంబరపడతారో అనుకుంటూనే తనే తిని గింజలు ఊస్తాడు. సెన్సే గొడుగు కింద నిలబడి చెవిలో, "అంత గొప్పగా తన తప్పు రాయగలిగినవాడు రెండు పళ్లు జేబులో వేసుకోవచ్చు కదా" అన్నారు. గట్టిగా అనకండి సెన్సే, ఈ అమ్మాయిలు కొడతారు అన్నాను. ఎదురుగా కాస్త ఏటవాలుగా పాతతరం పెద్ద రచయిత మోరి ఓగాయ్ సమాధి ఉంది, దాని దగ్గర ఒక్కరూ లేరు, సెన్సే మాత్రం అక్కడికే వెళ్లి దణ్ణం పెట్టుకున్నారు.

*

సెన్సేకి అసలు ఇష్టమైన రచయిత ఓయే. షికోకు దీవిలో అడవుల మధ్య పల్లెటూళ్లో పుట్టి, టోక్యోలో ఫ్రెంచి సాహిత్యం చదివి, సార్త్ర్ మీద థీసిస్ రాసినవాడు. 1963లో కొడుకు తల వెనక పెద్ద బుడిపెతో పుట్టాడు. మరుసటి ఏడే దాన్ని నవల చేశాడు. బర్డ్ అని మారుపేరున్న ట్యూషన్ మేష్టారు, ఆఫ్రికా పోవాలని మ్యాపులు కొనుక్కునే రకం, బిడ్డ అలా పుట్టిందని తెలిసి తాగుతాడు, పాత స్నేహితురాలి ఇంట్లో దూరతాడు, చివరికి బిడ్డ మెల్లగా చచ్చిపోయేలా చూసే డాక్టర్ దగ్గర వదిలి వచ్చేస్తాడు. ఇంత పిరికి హీరోని అంత దగ్గరగా చూపించడానికి గుండె కావాలి, అందులోనూ తన సొంత కథ అని అందరికీ తెలిసినప్పుడు. చివర్లో బార్‌లో కూర్చుని ఉన్నట్టుండి ఇక పారిపోనని లేచిపోతాడు, ఆపరేషన్ చేయిస్తాడు. ఆ ముగింపు బలవంతంగా అతికించినట్టుందని అప్పట్లోనే విమర్శలొచ్చాయి, నాకూ మొదటిసారి అలాగే అనిపించింది. ఇప్పుడు చదివితే ఆఖరి పేజీయే నాకు ముఖ్యం. బిడ్డ కళ్లలో తన మొహం కనపడుతుందేమోనని వంగి చూస్తాడు, అది మరీ చిన్నగా ఉండి పోల్చుకోలేకపోతాడు. యోజోని చూసిన తకెయిచి కళ్లు వేరు, ఈ కళ్లు వేరు. ఇక్కడ చూపు పట్టిచ్చేది కాదు, అడిగేది. అబే మేష్టారు నీళ్ల సంగతి చెప్పుకోడానికి ఊరివాళ్లకోసం ఆగిపోవడం కూడా ఇదే వరసలో నాకు అర్థమైంది, సెన్సే గెలిచారని ఒప్పుకోడానికి ఇప్పటికీ మనసు రాదు గానీ.

ఓయే కొడుకు హికారికి చాలా ఏళ్లు మాటలు రాలేదు. పక్షుల కూతల రికార్డు అంటే ఇష్టమని ఇంట్లో అదే పెట్టేవారు, కూత తర్వాత దాని పేరు అనౌన్సర్ చెప్తాడు. ఓసారి కొండ ప్రాంతంలో చెట్ల మధ్య ఉండగా ఏదో పక్షి అరిచింది, పిల్లాడు అనౌన్సర్ గొంతుతో దాని పేరు చెప్పాడు. తర్వాత సంగీతం రాశాడు, సీడీలొచ్చాయి. తండ్రికి 1994లో నోబెల్ వచ్చినప్పుడు ఆ ఉపన్యాసంలో కూడా ఈ పక్షి సంగతి ఉంది. సెన్సే ఆ సీడీ నాకిచ్చి, ఒక్క మాట కూడా వివరించకుండా వినమన్నారు.

2023 మార్చిలో ఓయే పోయాడని వార్త చూడగానే సెన్సేకి ఫోన్ చెయ్యబోయాను, నంబరు సగం నొక్కాక గుర్తొచ్చింది. అంతకుముందు ఏడాది చివర ఆయన కూతురి దగ్గర్నుంచి బూడిద రంగు కార్డు వచ్చింది, ఇంట్లో చావు అయింది కాబట్టి ఈసారి కొత్త సంవత్సరం శుభాకాంక్షలు పంపడం లేదని చెప్పే కార్డు. అక్కడ అలా తెలియజేస్తారు.

నేను ఇండియా వచ్చేసేటప్పుడు ఆయన ఇచ్చిన ఆఖరి పుస్తకం అబేదే, 1973లో వచ్చిన డబ్బా మనిషి నవల. ఒకడు పెద్ద అట్టపెట్టె తల మీంచి నడుం దాకా తొడుక్కుని, చూడటానికి చిన్న కిటికీ కోసుకుని వీధుల్లో బతుకుతాడు, మొదట్లోనే ఆ పెట్టె ఎలా తయారు చెయ్యాలో వివరంగా చెప్తాడు. అందరినీ చూస్తాడు, తనని ఎవరూ చూడరు. "ఇది నాకూ సరిగా అర్థం కాలేదు, అందుకే మీకిస్తున్నా" అన్నారు సెన్సే. నాకైతే ఆ మొదటి పేజీలంత బాగా మిగతాది లేదు. సగంలోకి వచ్చేసరికి ఇదంతా రాస్తున్నది డబ్బాలో ఉన్నవాడా, డబ్బా కావాలంటున్న దొంగ డాక్టరా, ఇంకెవరైనానా అనేది తేలక ప్రతిసారీ అక్కడే ఆపేస్తున్నాను. పూర్తిగా చదివినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, వాదించుకుందాం. నాకు ఇప్పుడు శనివారాలు ఖాళీయే.